ఏ మొహం పెట్టుకుని నమాజుకు నిలబడాలి? తౌబా గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

రంజాన్ మొదటి పది రోజులు మసీదులో కాలు పెట్టే చోటుండదు. తర్వాత తర్వాత వెనక వరసలు పలచబడతాయి. రానివాళ్ళలో వ్యాపారం ఉన్నవాళ్ళుంటారు, బద్ధకించేవాళ్ళుంటారు. వాళ్ళ సంగతి ఇమాం సాబ్ బయాన్‌లో ఎలాగూ చెబుతారు. ఇంకో రకం వాళ్ళున్నారు. వాళ్ళకు రావాలనే ఉంటుంది. అజాన్ వినపడగానే లోపల ఏదో కదులుతుంది. కానీ "ఏ మొహం పెట్టుకుని నిలబడను?" అనుకుని ఆగిపోతారు.

ఆన్‌లైన్ బెట్టింగులో నాన్న కూడబెట్టిన డబ్బు పోగొట్టిన కుర్రాడు. కాలేజీ రోజుల్లో జరిగిన తప్పు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా మరచిపోలేని అమ్మాయి. గల్ఫ్‌లో సెలవు దొరక్క తల్లి జనాజాకు రాలేకపోయిన కొడుకు. పదేళ్ళ క్రితం నమాజు వదిలేసి, ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలంటే సిగ్గుపడే పెద్దమనిషి. వెతికితే ఇలాంటివాళ్ళు మన ప్రతి వీధిలోనూ దొరుకుతారు. వీళ్ళు ధర్మాన్ని వదిలేసినవాళ్ళు కారు. ధర్మం మీద గౌరవం ఉంది కాబట్టే సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గే వాళ్ళని మసీదు గుమ్మం దగ్గర ఆపేస్తోంది.

ఈ సిగ్గు గురించి, దాని నుంచి బయటపడే దారి గురించి ఖుర్ఆన్‌లో, హదీసుల్లో, ఉలమాల పుస్తకాల్లో ఏముందో ఇక్కడ ఒకచోట పెట్టాం. సొంత సమస్యకు ఫత్వా కావాలంటే మాత్రం దగ్గర్లోని ఆలింను అడగాల్సిందే.

తౌబా అంటే తిరిగి రావడం

తెలుగులో మనం తౌబాను 'పశ్చాత్తాపం' అంటాం. ఆ మాటకు అర్థం తర్వాత కలిగే తాపం, అంటే చేసిన పని తలచుకుని లోపల కాలిపోవడం. అరబీలో తౌబా అనే మాటకు మూలార్థం వేరు. 'తిరిగి రావడం' అని. తెలుగు మాట మంట దగ్గర ఆగుతుంది, అరబీ మాట అక్కణ్ణుంచి నడిపిస్తుంది. మనలో చాలామంది కాలిపోవడం దగ్గరే ఆగిపోయి, అదే తౌబా అనుకుంటున్నారేమో అనిపిస్తుంది.

ఇంకో విశేషం ఉంది. ఇదే క్రియను ఖుర్ఆన్ అల్లాహ్‌కు కూడా వాడుతుంది. దాసుడు అల్లాహ్ వైపు తిరుగుతాడు, అల్లాహ్ దాసుడి వైపు తిరుగుతాడు. అల్లాహ్ పేర్లలో ఒకటైన 'తవ్వాబ్' ఈ మూలం నుంచి వచ్చిందే. 'ఇస్తిగ్ఫార్', 'మగ్ఫిరత్' అనే మాటలు మరో మూలానివి. దానికి అర్థం కప్పడం, కాపాడడం. యుద్ధంలో తలకు పెట్టుకునే ఇనుప కవచాన్ని కూడా అరబీలో ఆ మూలంతోనే 'మిగ్ఫర్' అంటారు.

తౌబాకు షరతులేమిటి? ఇమాం నవవీ (మరణం క్రీ.శ. 1277) రాసిన 'రియాజుస్సాలిహీన్' మన మసీదుల్లో చాలాచోట్ల చదివి వినిపిస్తారు. అందులో రెండో అధ్యాయమే తౌబా. అక్కడ ఆయన మూడు షరతులు చెప్పారు: ఆ పని మానేయాలి, చేసినందుకు బాధపడాలి, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. ఆ తప్పులో ఇంకో మనిషి హక్కు కూడా కలిసి ఉంటే నాలుగో షరతు చేరుతుంది, ఆ హక్కు వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఇంతే. జీవితాంతం తనను తాను అసహ్యించుకోవాలన్నది ఈ షరతుల్లో లేదు. ఎవరి ముందో కూర్చుని చేసిందంతా ఒప్పుకోవాలన్నదీ లేదు. పైగా అల్లాహ్ రాత్రి కప్పిపెట్టిన తప్పును పొద్దున్నే తనంతట తాను నలుగురికీ చెప్పుకు తిరిగేవాణ్ణి దైవప్రవక్త (స) తప్పుబట్టిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

'నన్ను నేను క్షమించుకోలేకపోతున్నా'

ఈ మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. పాత ఉలమాల పుస్తకాల్లో 'తనను తాను క్షమించుకోవడం' అనే శీర్షిక దొరకదు. ఎందుకంటే వాళ్ళ దృష్టిలో క్షమించే అధికారం మనది కాదు, అల్లాహ్‌ది. జడ్జి వేరే ఉన్నప్పుడు ముద్దాయి తనకు తానే తీర్పు చెప్పుకోవడం ఏమిటి? నాకైతే ఇందులో పెద్ద ఊరట కనిపిస్తుంది. మనల్ని మనం క్షమించుకోలేకపోయినా ఫరవాలేదు, ఆ పని మనది కాదు కాబట్టి. మన వంతు తిరిగి రావడం, ఇచ్చిన మాఫీని తీసుకోవడం.

అలాగని మనిషి తన మనసు పట్ల ఎలా ఉన్నా పట్టింపు లేదని కాదు. ఖుర్ఆన్‌లో ఆదం (అలై), మూసా (అలై) తమ పొరపాటు గురించి చెప్పుకున్నప్పుడు 'మా ఆత్మలకు మేమే అన్యాయం చేసుకున్నాం' అనే భావంతో మాట్లాడారు (7:23, 28:16). చేప కడుపులోంచి యూనుస్ (అలై) చేసిన దుఆ కూడా అలాంటిదే (21:87). మన ఇళ్ళల్లో కష్టమొస్తే లక్షాపాతికవేల సార్లు చదివించే ఆయతె కరీమా అదే. అంటే పాపం చేసినవాడిలో నేరస్థుడూ అతనే, దెబ్బ తిన్నవాడూ అతనే. దెబ్బ తిన్నవాణ్ణి మళ్ళీ మళ్ళీ కొట్టుకుంటూ కూర్చోమని ఎక్కడా లేదు.

నిరాశ విషయంలో ఖుర్ఆన్ చాలా గట్టిగా ఉంది. కొడుకుల్ని యూసుఫ్ (అలై) కోసం వెతకమని పంపుతూ యాఖూబ్ (అలై) చెప్పిన మాట చూడండి (12:87), ఇబ్రాహీం (అలై) దేవదూతలతో అన్న మాట చూడండి (15:56). అల్లాహ్ కారుణ్యం మీద ఆశ వదులుకోవడం విశ్వాసి లక్షణం కాదని రెండు చోట్లా అర్థమవుతుంది. సూరా జుమర్ 53వ ఆయతులో మరో సంగతి గమనించాలి. అక్కడ మాట్లాడేది హద్దు మీరిపోయినవాళ్ళతో. అయినా వాళ్ళని అల్లాహ్ తన దాసులుగానే పిలుస్తాడు. మొదటి మాటలోనే ఆ సంబంధం తెగలేదని తేల్చేసి, ఆ తర్వాత క్షమాపణ సంగతి చెబుతాడు.

ఇమాం గజాలీ (1058-1111) ఈ విషయాన్ని వైద్యుడిలా చూశారు. ఆయన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో 40 పుస్తకాలున్నాయి. 31వది తౌబా, 33వది భయం, ఆశల గురించి. ఆశ అనే మందు ఇద్దరికి అవసరమని ఆయన అంటారు. నిరాశ ముంచేసి ఆరాధన వదిలేసినవాడు ఒకరు. భయం ముంచేసి, ఆరాధనతో తన ఒంటినీ ఇంటివాళ్ళనూ బాధపెట్టుకునేవాడు ఇంకొకరు. ఏ చింతా లేకుండా తప్పు మీద తప్పు చేస్తూ 'అల్లాహ్ క్షమిస్తాడులే' అనేవాడికి మాత్రం అదే మందు విషమవుతుంది. మన బయాన్లు చాలావరకు ఈ మూడోవాడి కోసం తయారవుతాయి. అవి విని వణికిపోయేది మొదటి ఇద్దరు.

కఅబ్ చేసిన పని

క్రీ.శ. 630, హిజ్రీ 9. తబూక్ ప్రయాణానికి అందరూ బయల్దేరారు. ఎండలు మండిపోతున్నాయి, ఖర్జూరాలు పండే కాలం. కఅబ్ బిన్ మాలిక్ (రజి) దగ్గర డబ్బూ ఉంది, ఒంటెలూ ఉన్నాయి. రేపు బయల్దేరతా, ఎల్లుండి బయల్దేరతా అనుకుంటూ ఉండిపోయారు. దైవప్రవక్త (స) తిరిగొచ్చాక, వెళ్ళని చాలామంది ఏవేవో సాకులు చెప్పి బయటపడ్డారు. కఅబ్ సాకు చెప్పలేదు. నాకు ఏ అడ్డంకీ లేదు, అయినా రాలేదు అని ఒప్పుకున్నారు. ఆయనలాగే నిజం చెప్పినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, మురారా బిన్ రబీ, హిలాల్ బిన్ ఉమయ్యా (రజి). ఈ ముగ్గురితో ఎవరూ మాట్లాడకూడదని ఆజ్ఞ వచ్చింది. 50 రోజులు.

ఈ కథను తర్వాత కఅబ్ స్వయంగా చెప్పారు. బుఖారీ, ముస్లింలలో పొడుగ్గా ఉంటుంది. అందులో ఒక వివరం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మిగతా ఇద్దరూ ఇంట్లో కూర్చుని ఏడుస్తూ ఉండిపోయారు. వయసులో చిన్నవాడైన కఅబ్ మాత్రం బయటికొచ్చేవారు. బజారులో తిరిగేవారు, ఒక్కరు పలకరించేవారు కాదు. జమాతుతో నమాజుకు వచ్చేవారు. దైవప్రవక్తకు (స) సలాం చెప్పి, జవాబుగా పెదవులు కదిలాయా లేదా అని చూసేవారు. ఆయనకు దగ్గరగా నిలబడి నమాజు చేస్తూ దొంగచాటుగా అటు చూసేవారు. తాను నమాజులో ఉన్నప్పుడు ఆయన తనవైపు చూసేవారని, తాను చూస్తే మొహం తిప్పుకునేవారని కఅబ్ గుర్తుచేసుకుంటారు.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి అని అడిగే హక్కు నిజంగా ఎవరికైనా ఉంటే అది ఆయనకే ఉంది. ఊరంతా మొహం తిప్పుకుంది. అయినా ఆ మొహంతోనే రోజూ వచ్చి నిలబడ్డారు.

యాభయ్యో రోజు ఫజ్ర్ తర్వాత సల్అ కొండ మీంచి ఎవరో శుభవార్త కేకేశారు. కఅబ్ అక్కడే సజ్దాలో పడిపోయారు. మసీదుకు వెళ్ళేసరికి తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) లేచి పరుగున వచ్చి చేయి కలిపారు. ఆ ఒక్క పనిని కఅబ్ జీవితాంతం మరచిపోలేదు. అప్పుడు కృతజ్ఞతతో తన ఆస్తంతా దానం చేసేస్తానన్నారు కఅబ్. కొంత ఉంచుకో, అదే నీకు మేలు అన్నారు దైవప్రవక్త (స). ఖైబర్‌లోని తన వాటా ఉంచుకున్నారు. ఆ ముగ్గురి ప్రస్తావన సూరా తౌబా 118వ ఆయతులో ఉంది.

హజ్, ఉమ్రాకు వెళ్ళొచ్చినవాళ్ళు మదీనాలోని మస్జిదె నబవీలో 'తౌబా స్తంభం' చూసే ఉంటారు. దానికి అబూ లుబాబా (రజి) పేరుంది. ఒక రహస్యాన్ని సైగతో బయటపెట్టేశానన్న బాధతో ఆయన తనను తానే స్తంభానికి కట్టేసుకున్నారు. నమాజు వేళకు మాత్రం కట్లు విప్పేవాళ్ళు. తౌబా అంగీకరించబడిందని తెలిశాక దైవప్రవక్త (స) తన చేత్తో విప్పారు. ఆయన కూడా ఆస్తంతా ఇచ్చేస్తానంటే, మూడో వంతు చాలన్న సమాధానం వచ్చింది. చరిత్రలో ఈ రెండు సంఘటనల్లోనూ తనను తాను శిక్షించుకోవాలనే ఉత్సాహాన్ని తగ్గించే మాటే వినిపిస్తుంది.

నవ్వొచ్చే సందర్భం కూడా ఒకటుంది. ఒకతను పరుగెత్తుకొచ్చి "నాశనమైపోయాను" అన్నాడు. రంజాన్ ఉపవాసంలో భార్యతో కలిశాడు. బానిసను విడిపించగలవా? లేదు. రెండు నెలలు వరసగా ఉపవాసాలుండగలవా? లేదు. 60 మంది పేదలకు అన్నం పెట్టగలవా? అదీ లేదు. ఇంతలో ఎవరో ఒక బుట్ట ఖర్జూరాలు తెచ్చారు. ఇవి తీసుకెళ్ళి దానం చెయ్ అని ఇచ్చారు దైవప్రవక్త (స). మదీనాలో మాకంటే పేదవాళ్ళు ఎవరూ లేరే అన్నాడతను. దైవప్రవక్త (స) పళ్ళు కనపడేలా నవ్వి, సరే, మీ ఇంటివాళ్ళకే పెట్టుకో అన్నారు. నాశనమైపోయానని వచ్చినవాడు బుట్టనిండా ఖర్జూరాలతో ఇంటికెళ్ళాడు. ఇది బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసే.

మనుషుల లెక్క వేరు

ఇక్కడిదాకా చదివి 'అయితే అంతా మాఫీయే' అనుకుంటే పొరపాటు. అల్లాహ్‌కు చెందిన హక్కు (హుఖూఖుల్లాహ్) ఒక ఖాతా, మనుషుల హక్కు (హుఖూఖుల్ ఇబాద్) ఇంకో ఖాతా. బీకాం చదివినవాణ్ణి కదా, నాకు ఈ విషయంలో 'ముఫ్లిస్' హదీసు బాగా ఎక్కింది. ముఫ్లిస్ అంటే దివాలా తీసినవాడు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ అన్నీ తీసుకుని ప్రళయదినాన ఒకడొస్తాడు. కానీ ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకడి సొమ్ము తిని ఉంటాడు, ఒకణ్ణి కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు ఒక్కొక్కటీ వాళ్ళకు పంచేస్తారు. అవి అయిపోతే వాళ్ళ పాపాలు ఇతని మీద పడతాయి. అసలైన దివాలా అంటే అదీ. ముస్లిం గ్రంథంలో ఉంది ఈ హదీసు.

షబె బరాత్ వచ్చిందంటే "కహా సునా మాఫ్ కరో" అని వాట్సాప్ నిండా మెసేజులొస్తాయి. మంచి ఆచారమే. కానీ 200 మందికి ఒకేసారి ఫార్వార్డ్ చేసిన మెసేజుతో అప్పు తీరదు. నాన్న డబ్బు బెట్టింగులో పోగొట్టిన కుర్రాడు సజ్దాలో ఎంత ఏడ్చినా, నాన్నకు నిజం చెప్పి నెలకింతని ఇవ్వడం మొదలుపెట్టేదాకా ఆ బరువు దిగదు. దిగకూడదు కూడా. అది మనసు జబ్బు కాదు, ఖాతాలో నిజంగా ఉన్న బాకీ. ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడికి వ్యవధి ఇవ్వమని అప్పు ఇచ్చినవాళ్ళకు కూడా ఖుర్ఆన్ చెబుతుంది (2:280).

మన కుటుంబాల్లో ఎవరికీ పెద్దగా అపరాధభావం కలిగించని బాకీలు రెండున్నాయి. ఒకటి అక్కచెల్లెళ్ళ వాటా. సూరా నిసాలో వాళ్ళ వాటా స్పష్టంగా ఉంది (4:11). "మా చెల్లి వద్దంది" అంటారు. పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయనే భయంతో అన్న 'వద్దు', ఇష్టంతో అన్న 'వద్దు' ఒకటేనా? రెండోది మహర్. బతికున్నన్నాళ్ళూ ఇవ్వకుండా, భర్త చావుబతుకుల్లో ఉన్నప్పుడో జనాజా ముందో "మాఫ్ చేశానను" అని ఆ ఆడమనిషి మీద ఒత్తిడి పెడతారు. ఎప్పుడో పదిహేనేళ్ళ వయసులో చేసిన తప్పుకు రాత్రంతా ఏడ్చే మనిషి, చెల్లెలి పొలం దున్నుకుంటూ హాయిగా నిద్రపోవడం నాకు అర్థం కాని విషయం.

హక్కుదారు చనిపోతే వారసులకు ఇవ్వాలి. ఎవరో, ఎక్కడున్నారో తెలియకపోతే వాళ్ళ తరఫున సదఖా చేయమని ఉలమాలు చెబుతారు. చాడీలు చెప్పిన విషయంలో, వెళ్ళి చెబితే కొత్త గొడవ పుడుతుందనుకుంటే, ఆ మనిషి కోసం దుఆ చేసి, ఎక్కడ చెడుగా మాట్లాడామో అక్కడే మంచి మాట చెప్పమని చాలామంది ఉలమాల సలహా.

అల్లాహ్ క్షమించాక కూడా మనుషుల మనసుకు సమయం పట్టొచ్చు. ఉహద్‌లో (క్రీ.శ. 625) హమ్జాను (రజి) చంపిన వహ్షీ తర్వాత ఇస్లాం స్వీకరించారు. ఆయన ఇస్లాం చెల్లింది. కానీ వీలైతే నాకు కనపడకుండా ఉండగలవా అని దైవప్రవక్త (స) ఆయన్ని అడిగారు. చంపింది సొంత బాబాయిని కదా. మనం క్షమాపణ అడిగిన మనిషి ఇంకా మొహం చాటేస్తుంటే, దాన్నిబట్టి మన తౌబా చెల్లలేదని అనుకోనక్కర్లేదు.

వదిలేసిన నమాజుల లెక్క

పదేళ్ళు నమాజు చదవని మనిషిని ఆపేది ఈ అంకె. హనఫీ ఉలమాల ప్రకారం ఫర్జ్, విత్ర్ నమాజులకు ఖజా ఉంది, సున్నతులకు లేదు. రోజుకు ఫజ్ర్ 2, జుహ్ర్ 4, అస్ర్ 4, మగ్రిబ్ 3, ఇషా 4, విత్ర్ 3. మొత్తం 20 రకాతులు. ఒక్కో నమాజుతో పాటు ఒక్కో ఖజా చదువుకుంటూ పోతే పదేళ్ళ బాకీ పదేళ్ళలో తీరుతుంది, రెండేసి చదివితే ఐదేళ్ళు. 'నా మీద ఉన్నవాటిలో మొదటి ఫజ్ర్' అని నియ్యత్ చేసుకుంటే తేదీలు గుర్తు లేకపోయినా సరిపోతుంది. అహ్లె హదీస్ ఉలమాల్లో చాలామంది అభిప్రాయం వేరు. కావాలని వదిలేసినవాటికి ఖజా లేదు, తౌబా చేసి నఫిల్ నమాజులు పెంచుకోవాలని వాళ్ళంటారు. మీరు ఏ ఆలింను అనుసరిస్తారో ఆయన్నే అడగండి. రెండు దారుల్లోనూ మొదటి మెట్టు ఇవాళ్టి నమాజు.

రంజాన్ చివరి జుమా నాడు నాలుగు రకాతులు చదివితే ఉమ్రంతా వదిలినవి తీరిపోతాయని కొన్ని ఇళ్ళలో నమ్ముతారు. దానికి ఆధారం లేదని రెండు వర్గాల ఉలమాలూ చెబుతారు.

అరబీ సరిగా రానివాళ్ళ మాట

ఇది మన తెలుగు ముస్లింల సొంత బాధ. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు, ముఖ్యంగా ఆంధ్ర పల్లెల్లోని దూదేకుల కుటుంబాలు, పట్నంలో ఉర్దూ మాట్లాడేవాళ్ళ మధ్య కూర్చుంటే ఒక రకంగా ముడుచుకుపోతాయి. "మాకు ఉర్దూ రాదు, అరబీ నోరు తిరగదు. మా దుఆ ఏం అందుతుంది?" అనే మాట పెద్దవాళ్ళ నోట వింటూనే ఉంటాం. ఇందులో పాపమేమీ లేదు, అయినా తక్కువవాళ్ళమన్న భావం మాత్రం పాపమంత బరువుగా ఉంటుంది.

నమాజులో చదివే ఖుర్ఆన్ అరబీలోనే చదవాలి, అది వేరే సంగతి. నమాజు బయట చేసే దుఆకు, తౌబాకు భాష నియమం లేదు. తెలుగులో అడగొచ్చు. చీరాల యాసలో అడగొచ్చు, పాలమూరు యాసలో అడగొచ్చు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండింతల పుణ్యమని ఆయిషా (రజి) తెలిపిన హదీసు ఉంది. తజ్వీద్ బాగా వచ్చిన పిల్లలు నానమ్మ చదువుతుంటే నవ్వే ముందు ఈ హదీసు వింటే బాగుంటుంది.

నెలసరి రోజుల్లో ఆడవాళ్ళకు కలిగే భావం కూడా ఇలాంటిదే. హజ్ ప్రయాణంలో నెలసరి వచ్చిందని ఆయిషా (రజి) ఏడుస్తుంటే, ఇది ఆదం కూతుళ్ళందరికీ అల్లాహ్ రాసిన విషయమని ఓదార్చి, తవాఫ్ తప్ప మిగతావన్నీ చేయమన్నారు దైవప్రవక్త (స). ఆ రోజుల నమాజులకు ఖజా కూడా లేదు, ఉపవాసాలకు మాత్రమే ఉంది. జిక్ర్, దుఆ, దరూద్, ఇస్తిగ్ఫార్ ఆపాల్సిన అవసరం లేదు.

తప్పేమీ లేకుండానే తప్పు చేసినట్టుంటే

వజూ చేశాక చేయలేదేమో అనిపించి నాలుగైదుసార్లు చేయడం. నియ్యత్ సరిగా పడలేదని నమాజు తెంచి మళ్ళీ కట్టడం. ఇష్టం లేకపోయినా అల్లాహ్ గురించి చెడ్డ ఆలోచనలు వచ్చి, నేను కాఫిర్ అయిపోయానా అని వణకడం. మనవాళ్ళు దీన్ని వస్వసా అంటారు. చెప్పుకోవడానికి నోరు రాని ఆలోచనలు వస్తున్నాయని సహాబాలే దైవప్రవక్త (స) దగ్గర మొరపెట్టుకున్నారు. వాటిని అంత భయంకరంగా భావించడమే ఈమాన్‌కు గుర్తు అని ఆయన చెప్పారు. మనసులో కదిలే ఆలోచనను, నోటితో అనేదాకా, చేతితో చేసేదాకా అల్లాహ్ పట్టించుకోడనే హదీసు కూడా ఉంది. అనుమానం వల్ల నిశ్చయం పోదన్నది ఫిఖ్‌లో పెద్ద సూత్రం. వజూ చేసినట్టు గుర్తుంటే, పోయిందేమో అన్న అనుమానానికి విలువ లేదన్నమాట.

ఇది ముదిరితే జబ్బు. అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు (మరణం క్రీ.శ. 934) శరీరం, మనసుల ఆరోగ్యం గురించి రాసిన గ్రంథంలోనే వస్వసాను మనసు రోగాల్లో ఒకటిగా వివరించారు. ఇప్పటి డాక్టర్లు ఓసీడీ అంటారు, మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. ఇంట్లోవాళ్ళు "ఈమాన్ తక్కువైంది, ఇంకా ఎక్కువ చదువు" అంటే, అలా చదవడమే రోగాన్ని పెంచుతుంది. నేను బతకడానికి అర్హుణ్ణి కాను, అర్హురాలిని కాను అనే మాట ఎవరి నోటైనా వస్తే ఆలస్యం చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరును మనం ఎగతాళికి వాడడం వల్లే చాలామంది అక్కడికి వెళ్ళడానికి సిగ్గుపడతారు.

రోజువారీ ఎత్తుపల్లాలు మాత్రం జబ్బు కాదు. దైవప్రవక్తకు (స) రాయసగాడుగా ఉన్న హంజలా (రజి) ఒకరోజు "హంజలా మునాఫిఖ్ అయిపోయాడు" అనుకుంటూ వెళ్తున్నారు. మీ దగ్గరుంటే స్వర్గనరకాలు కళ్ళముందున్నట్టుంటాయి, ఇంటికెళ్ళి భార్యాపిల్లల్లో పడగానే చాలా మరచిపోతున్నాం అని ఆయన బాధ. దారిలో కలిసిన అబూబక్ర్ (రజి) కూడా నాకూ అంతే అన్నారు. ఎప్పుడూ ఒకేలా ఉంటే దేవదూతలు దారుల్లో మీతో కరచాలనం చేసేవారని, ఒక్కో వేళ ఒక్కోలా ఉంటుందని దైవప్రవక్త (స) ఇద్దరికీ నచ్చజెప్పారు.

ఇంట్లోవాళ్ళ పని

చాలాకాలానికి కొడుకు టోపీ పెట్టుకుని బయల్దేరితే "ఇన్నాళ్ళకు అల్లాహ్ గుర్తొచ్చాడా?" అంటాం. ప్రేమతోనే అంటాం, కానీ గుచ్చుకుంటుంది. 99 మందిని చంపినవాడి హదీసు అందరికీ తెలిసిందే. నాకు తౌబా ఉందా అని అతను ముందు అడిగింది ఒక ఆరాధకుణ్ణి. లేదన్నాడాయన. ఆ మాటతో నూరో హత్య జరిగింది. తర్వాత ఒక ఆలింను అడిగితే, నీకూ తౌబాకూ మధ్య అడ్డొచ్చేదెవరు అని, ఆ ఊరు వదిలి మంచివాళ్ళున్న ఊరికి వెళ్ళమని దారి చెప్పాడు. ఎంత భక్తి ఉన్నా తెలియకుండా 'నీకిక లేదు' అంటే ఏమవుతుందో ఆ ఆరాధకుడి సంగతి చూస్తే తెలుస్తుంది.

దైవప్రవక్త (స) కాలంలో తాగి పట్టుబడి మళ్ళీ మళ్ళీ శిక్ష పడిన మనిషి ఒకరున్నారు. ఒకసారి పక్కనున్నవారు ఆయన్ని శపిస్తే దైవప్రవక్త (స) వారించారు. శపించకండి, ఇతనికి అల్లాహ్ మీద, ప్రవక్త మీద ప్రేమ ఉంది అన్నారు. శిక్ష రద్దు కాలేదు. ప్రేమ కూడా రద్దు కాలేదు. బుఖారీలోని ఈ హదీసు, తాగుడు మానలేని మనిషి ఉన్న ఇళ్ళకు తెలియాలి.

ఇక పిల్లలు. "అల్లాహ్ కళ్ళు పోగొడతాడు" అని చిన్నప్పటి నుంచి బెదిరిస్తాం. యుక్తవయసు వచ్చేదాకా పిల్లల మీద కలం నడవదని హదీసు చెబుతోంది, అంటే వాళ్ళ పాపాల ఖాతా ఇంకా తెరవనే లేదు. రోజా ఉన్నానని మరచిపోయి నీళ్ళు తాగితే పెద్దవాళ్ళ రోజాయే పోదు, అల్లాహ్ తాగించాడనుకోమన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక వంటింట్లో చాటుగా గ్లాసుడు నీళ్ళు తాగాడనుకోండి. సాయంత్రం దస్తర్‌ఖాన్ దగ్గర వాడు తల దించుకుని ఓ మూలన కూర్చుంటాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఖర్జూరం అందరితో పాటే వాడికీ ఇవ్వండి.